‘అందరికీ నొస్తుంది’ అనడం ఓదార్పేనా? ఆర్.ఇ.ఎం. పాట ‘ఎవ్రీబడీ హర్ట్స్’ అర్థం మీద చర్చ

క్లాక్‌టవర్_నీడ, నల్లగొండ

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఒక జూనియర్ కళాశాలలో ఇంగ్లీషు చెబుతాను. విని అర్థం చేసుకునే అభ్యాసం కోసం పోయిన వారం రెండవ సంవత్సరం పిల్లలకు ఆర్.ఇ.ఎం. అనే అమెరికా రాక్ బృందం పాట ‘ఎవ్రీబడీ హర్ట్స్’ వినిపించాను. మాటలు తేలిక, నడక నిదానం, ప్రతి పదమూ విడివిడిగా చెవిన పడుతుంది కనుక మా పిల్లలకు అందుతుందని ఎంచుకున్నాను. క్లాసు ముగిసి అందరూ వెళ్ళిపోయాక చివరి బెంచీలో కూర్చునే అబ్బాయి ఒకడు బ్యాగు భుజానికి తగిలించుకుని నా బల్ల దగ్గరకు వచ్చి, ‘‘సార్, అందరికీ నొస్తదంటే ఇగ నాది లెక్కల రానట్టేనా?’’ అని అడిగాడు. అడుగుతున్నంతసేపూ బ్యాగు పట్టీకి ఊడిన దారాన్ని బొటనవేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు.

నాకు వెంటనే జవాబు దొరకలేదు. అతన్ని కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడాను, మరునాడు వాళ్ళ అమ్మగారితో కూడా మాట్లాడాను. వాళ్ళ ఇంటి సంగతులు ఇక్కడ రాయడం సబబు కాదు. కానీ పాట గురించి అతను వేసిన ప్రశ్న నన్ను వదలడం లేదు. 1992లో ‘ఆటోమేటిక్ ఫర్ ది పీపుల్’ ఆల్బంలో వచ్చిన ఈ పాటను నేను డిగ్రీ రోజుల నుంచి వింటున్నాను, నిరాశలో ఉన్నవారికి ధైర్యం చెప్పే పాటగానే విన్నాను, పదిమందికి అలాగే చెప్పాను. నిజంగా నిరాశలో ఉన్న పిల్లవాడు విన్నప్పుడు మాత్రం తన బాధను పదిమంది బాధల కుప్పలో పడేసినట్టు అనిపించింది. తప్పు అతను విన్న తీరులో ఉందా, నేను వినిపించిన తీరులో ఉందా, పాటలోనే ఉందా? సంగీతం తెలిసినవారూ, భాష తెలిసినవారూ, బతుకు తెలిసినవారూ ఇక్కడ ఉన్నారు కనుక అడుగుతున్నాను.

పిల్లలమర్రి, మహబూబ్‌నగర్

నాయనా, ముందుగా ఆ అబ్బాయి మాటను మెచ్చుకోవాలి. శీర్షికలోని క్రియకు ఇంగ్లీషులో రెండు అర్థాలున్నాయి, ఒకటి నొప్పి కలగడం, రెండవది ఎదుటివారిని నొప్పించడం. తెలుగులో ఈ రెండింటికీ వేరువేరు క్రియలు ఉండడం వల్ల మనకు చిక్కు లేదు. అతను ‘బాధ’ అనే నామవాచకాన్ని వెతుక్కోకుండా నేరుగా ‘నొస్తది’ అన్నాడు. ‘అందరికీ బాధే’ అంటే అది లోకరీతి మీద తీర్పు. ‘అందరికీ నొస్తది’ అంటే ఎవరి ఒంట్లో వారికి జరిగే పని. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన నేను అయితే బహుశా మొదటిదే రాసి ఉండేదాన్ని, అది తప్పు అనువాదం అయ్యేది.

ఇక అతని ప్రశ్న. ఆ వాక్యం చివర ఒక చిన్న మాట ఉంది, మీరిద్దరూ దాన్ని వదిలేశారు. ‘ఒక్కోసారి’ అనే అర్థమిచ్చే ఆ మాటను గాయకుడు మైకేల్ స్టైప్ చాలా మెత్తగా పలుకుతాడు కనుక జారిపోవడం సహజమే. నా దృష్టిలో పాటలో ఉన్న ఆశ అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ‘అందరికీ నొస్తుంది’ అంటే పిల్లవాడు అన్నట్టు అది కుప్ప. ‘అందరికీ ఒక్కోసారి నొస్తుంది’ అంటే నొప్పికి ఒక వేళ ఉందని, ఆ వేళకు ముందూ వెనుకా మరొకటి ఉంటుందని, ఇప్పుడు ఈ వేళ నీ వంతు వచ్చిందని అర్థం. నిరాశలో ఉన్న మనిషికి కాలం ఆగిపోతుంది. నిన్నా ఇలాగే ఉంది, రేపూ ఇలాగే ఉంటుంది అనిపించడమే నిరాశ. అలాంటి మనిషికి ‘ఒక్కోసారి’ అని చెప్పడమంటే ఆగిపోయిన గడియారాన్ని అతని చేతిలో పెట్టి చెవి దగ్గర పెట్టుకుని వినమనడమే.

మరొకటి కూడా గమనించండి. పాట మొత్తంలో ‘నేను’ అనే మాట ఎక్కడా లేదు. చెప్పేవాడు తన కథ చెప్పుకోడు, తాను ఎలా గట్టెక్కాడో చెప్పడు. ‘నువ్వు’ అనీ, ‘అందరూ’ అనీ రెండే మాటలతో నడుస్తుంది. ఓదార్చడానికి వచ్చి సొంత గొడవ మొదలుపెట్టే బంధువులను మనం ఎంతమందిని చూడలేదు!

ఆరుతీగలు, మిర్యాలగూడ

మేడమ్ రాసింది చదివాక రాత్రి గిటార్ తీసి పాటను మొదటి నుంచి వాయించి చూశాను. నేను రైస్ మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి, గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్న విద్య కాదు, కనుక చేతికీ చెవికీ తెలిసినదే చెబుతాను. అయితే నాకు కనబడింది చూసి నేనే కాసేపు వాయించడం ఆపేశాను.

పాట డీ మేజర్‌లో ఉంటుంది, ఆరు మాత్రల నడక, తబలా వాయించేవారు దాద్రా అంటారే, ఆ ఊపు. మొదట్లో డీ, జీ అనే రెండు కార్డ్‌లే (కొన్ని స్వరాలు కలిపి పట్టే పట్టును కార్డ్ అంటారు), ఒక్కో తీగను విడిగా మీటుతూ, ఊయల అటు పోయి ఇటు వచ్చినట్టు తిరుగుతాయి. ‘నిన్ను నువ్వు వదిలేసుకోకు’ అనే చోట ఈ మైనర్, ఏ వస్తాయి. ఇంతవరకు అంతా ఇంటి వాకిలి దాటని ప్రయాణం. మధ్యలో ఒకచోట మాత్రం పాట ఉన్నట్టుండి ఎఫ్ షార్ప్ మేజర్‌కు పోయి, అక్కడి నుంచి బీ మైనర్‌కు దిగి, మళ్ళీ ఎఫ్ షార్ప్‌కు ఎక్కుతుంది. డీ మేజర్‌లో ఉండకూడని స్వరం ఒకటి ఆ కార్డ్‌లో ఉంది, వింటుంటే కాలికింద మెట్టు తప్పినట్టు ఉంటుంది. గొంతు కూడా అక్కడే పైకి లేస్తుంది. ఇప్పుడు మాటలు చూడండి. పాటలో ‘అందరికీ నొస్తుంది’ అనే వాక్యం ‘ఒక్కోసారి’ లేకుండా మొదటిసారి వచ్చేది ఆ మధ్యభాగంలోనే. అక్కడ కార్డ్‌లూ ఇల్లు విడిచిపోయాయి, ఊరటనిచ్చే ఆ చిన్న మాటా విడిచిపోయింది. తరువాత పాట మళ్ళీ డీకి, ఊయల నడకకు వచ్చేసరికి ‘ఒక్కోసారి’ కూడా తిరిగి వస్తుంది. మీ విద్యార్థి బహుశా ఆ మధ్యభాగం దగ్గరే ఆగిపోయి ఉంటాడు సార్. అక్కడ ఆగినవాడికి ఆ ప్రశ్నే వస్తుంది.

ఆ మధ్యభాగంలోనే చాలామంది తప్పుగా వినే వాక్యం ఒకటి ఉంది. ‘నీ చేయి పారేయకు’ అన్నట్టు వినబడుతుంది, మా మిత్రుడొకడు చేయి చాచడం గురించి అనుకున్నాడు. అది పేకాట మాట. చేతిలో పడిన ముక్కలు బాగా లేవని వాటిని కింద పడేసి ఆట నుంచి తప్పుకోవడాన్ని అలా అంటారు. ముక్కలు మంచివని పాట ఎక్కడా అనదు. చేతిలోనే ఉంచుకో అంటుంది, అంతే.

మొదటి నుంచి వెనకాల వినిపించే ఆ టిక్కు టిక్కు శబ్దం డ్రమ్ మెషీన్‌ది. విచిత్రం ఏమిటంటే పాటను ముందుగా తెచ్చి బృందం ముందు పెట్టినవాడు డ్రమ్మర్ బిల్ బెర్రీ. వాళ్ళ ఆనవాయితీ ప్రకారం రచయితలుగా నలుగురి పేర్లూ వేసుకున్నారు. పాటలో వచ్చే వయొలిన్ల కూర్పు లెడ్ జెప్లిన్ బృందంలోని జాన్ పాల్ జోన్స్ చేశాడు. 1995 మార్చిలో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో కచేరీ జరుగుతుండగా బెర్రీ మెదడులోని రక్తనాళం చిట్లి వేదిక మీదే కుప్పకూలాడు. బతికి బయటపడ్డాడు, 1997లో బృందాన్ని వదిలి జార్జియాలో వ్యవసాయం చేసుకోవడానికి వెళ్ళిపోయాడు. ఈ సంగతి తెలిసిన తరువాత ఆ యంత్రం టిక్కు టిక్కు నాకు నాడి కొట్టుకున్నట్టు వినబడుతుంది.

ఎర్రనేల, మోత్కూరు

మిత్రుల విశ్లేషణ శ్రద్ధగా చదివాను, ముఖ్యంగా ఆ మధ్యభాగం గురించి చెప్పినది నాకు కొత్త. అయినా ఒక అభ్యంతరం చెప్పకుండా ఉండలేను. ఈ పాట బాధపడే మనిషితో ‘పట్టుకుని ఉండు’ అని చెబుతుంది. నొప్పి ఎక్కడి నుంచి వచ్చిందో అడగదు, ఎవరు చేశారో అడగదు. ఓర్చుకోమనే మాట మా తాతలు వినీ వినీ విసిగిపోయిన మాట. వెట్టి చేసినవారికి గుళ్ళోనూ చెప్పారు, గడీలోనూ చెప్పారు.

మా దగ్గరి సుద్దాల హనుమంతు రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ పాటనే తీసుకోండి, గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ సినిమాలో అందరూ విన్నదే. అది కూడా ‘నువ్వు’ అని పిలిచే పాటే, నిరాశలో ఉన్న పిల్లవాడి ముందు కూర్చున్న పాటే. కానీ అది వాడి చిరిగిన అంగీని చూస్తుంది, కాలికి కట్టుకున్న తాటి జోళ్ళను చూస్తుంది, జీతంగా కొలిచిన తాలు వడ్లను చూస్తుంది. ఓదార్చడానికి వచ్చి లెక్క అడుగుతుంది. ఆ లెక్కలోంచి కోపం పుడుతుంది, కోపంలోంచి ఆశ పుడుతుంది. ‘అందరికీ నొస్తుంది’ అంటే ఆ పిల్లగాడికీ నొస్తుంది, వాడి చేత పసులు కాయించిన దొరకూ నొస్తుంది అనాల్సి వస్తుంది. రెండు నొప్పులూ ఒకటేనా? మీ విద్యార్థి అడిగిన ‘నాది లెక్కల రానట్టేనా’ అనే ప్రశ్నలో నాకు ఇదే వినబడింది. అతను తప్పు వినలేదు.

గుంపుమేస్త్రి_కొడుకు, కోస్గి

ఎర్రనేల అన్నా, మీ మాటలో న్యాయం ఉంది, కాదనను. మా నాయన ఇరవై ఏళ్ళు గుంపు మేస్త్రిగా మా చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళను పుణె వైపు కాలువ పనులకూ, బిల్డింగు పనులకూ తీసుకుపోయాడు. పాలమూరు లేబర్ అంటే దేశంలో కట్టిన డ్యాముల దగ్గరల్లా తెలిసిన పేరు, ఆ పేరు వెనక ఎంత గోస ఉందో మీకు నేను చెప్పనవసరం లేదు. నేను హాస్టల్లో చదువుతూ వేసవి సెలవుల్లో నాయన దగ్గరకు పోయేవాణ్ణి. ఒక రాత్రి చూసినది చెబుతాను.

రేకుల షెడ్డుల దగ్గర ఆ సాయంత్రం మా ఊరి మనిషి ఒకాయన అన్నం తినకుండా ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు. ఊరి నుంచి ఏదో ఫోన్ వచ్చింది. ఆడవాళ్ళు పళ్ళెంలో జొన్న రొట్టె పెట్టి తెచ్చారు, ముట్టుకోలేదు. మా నాయన పోయి ఆయన పక్కన కూర్చున్నాడు. రేపు బాగైతది అనలేదు, ఎందుకంటే బాగు కాదని ఇద్దరికీ తెలుసు. పైసలు ఎవరు ఎగ్గొట్టారనే లెక్క కూడా ఆ రాత్రి తీయలేదు, ఆ లెక్క వారం తరువాత తీశాడు, గట్టిగానే తీశాడు. ఆ రాత్రి మాత్రం ఒక బీడీ వెలిగించి సగం తాగి ఆయనకు ఇచ్చాడు, ఆయన మిగతా సగం తాగాడు. అలా మూడో నాలుగో బీడీలు అయినంక ఆయనే లేచి రొట్టె తిన్నాడు. నేను షెడ్డు లోపల పడుకుని రేకు సందులోంచి ఆ నిప్పు ఇటు నుంచి అటు పోవడం చూస్తూ నిద్రపోయాను.

ఈ పాటను నేను హైదరాబాద్‌లో రూములో ఉండగా మొదటిసారి విన్నాను, స్పీకరు లేక ఫోన్‌ను స్టీలు గ్లాసులో నిలబెట్టి వినేవాళ్ళం. అర్థం పూర్తిగా తెలియకముందే నాకు ఆ ఇసుక కుప్ప గుర్తుకు వచ్చింది. తరువాత మాటలు తెచ్చుకుని చూస్తే పాటలో ‘రేపు’ అనే మాటే లేదు. అన్నీ చక్కబడతాయని ఎక్కడా మాట ఇవ్వదు. నాకు నచ్చింది అదే. మాట ఇచ్చే పాటలు మనకు చాలా ఉన్నాయి, అవి నిజంగా విరిగిన మనిషి చెవికి అబద్ధంలా తగులుతాయి. ఈ పాట ఈ రాత్రి వరకే మాట్లాడుతుంది. సుద్దాల హనుమంతు పాట పొద్దున పాట అన్నా, మనిషి లేచి నిలబడ్డాక పాడేది. ఇది రాత్రి రెండు గంటలకు, లేవలేని మనిషి పక్కన కూర్చున్న పాట. నాకు రెండూ కావాలి.

మూసీగట్టు, సూర్యాపేట

ఆ పాట వీడియో గురించి ఎవరూ రాయలేదు కనుక చిన్న మాట. జేక్ స్కాట్ దర్శకత్వంలో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో తీశారు. పెద్ద రహదారి మీద కార్లు ఇరుక్కుపోయి ఉంటాయి, ఒక్కో కారులో ఒక్కో మనిషి, ఎవరి మనసులో ఏమనుకుంటున్నారో కింద అక్షరాలుగా వస్తూ ఉంటుంది. ఒకరి తలపు ఒకరికి తెలియదు, మనకు మాత్రం తెలుస్తుంది. చివరకు అందరూ కార్లు వదిలి దిగి నడిచి వెళ్ళిపోతారు.

సంక్రాంతి ముందు రోజు చౌటుప్పల్ దగ్గర టోల్‌గేటు ముందు బస్సులో మూడు గంటలు ఆగిపోయినప్పుడు నాకు ఆ వీడియో అక్షరాలా కనబడింది. నా పక్క సీటులోని పెద్దావిడ ఒడిలో సకినాల డబ్బా పెట్టుకుని కిటికీ అద్దానికి తల ఆనించి చడీచప్పుడు లేకుండా ఏడుస్తోంది. ఆమె తలపు కింద అక్షరాలుగా రాలేదు. నేను నీళ్ళ సీసా ఇచ్చాను, అంతకన్నా ఏమీ అడగలేకపోయాను. ఆ అబ్బాయి మీ బల్ల దగ్గరకు వచ్చి తన తలపును తానే పైకి చదివి వినిపించాడు సార్, అది ఎంత పెద్ద సంగతో చూడండి.

డిండివాగు, దేవరకొండ

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదివి వెళ్ళిపోతాను. మూడేళ్ళ కింద మా తమ్ముడు పోయాడు. ఎట్లా పోయాడో రాయను. ఆ తరువాత నాకు ఈ పాటను ఒక స్నేహితురాలు పంపింది, మంచి మనసుతోనే పంపింది. విని కోపం వచ్చింది. ‘అందరికీ ఉండేదే’ అని చావు ఇంటికి వచ్చిన ప్రతివారూ అన్నారు, పాట కూడా అదే అంటోందని నిమిషం కూడా వినకుండా ఆపేశాను. కనుక ఆ అబ్బాయి ఎక్కడ నిలబడి అడిగాడో నాకు తెలుసు.

నాకు పాట అర్థమైంది పాట వల్ల కాదు, మా మేనత్తల వల్ల. మన దిక్కు చావు జరిగిన ఇంట్లో ఆడవాళ్ళు శోకం పెట్టడం మీకందరికీ తెలుసు. కొత్తగా చుట్టాలు వచ్చినప్పుడల్లా వాకిట్లో ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. చిన్నప్పుడు నాకు అది చూపించుకోవడానికి చేసే పనిలా అనిపించేది. తమ్ముడి మూడో దినం నాడు మా పెద్ద మేనత్త నా మెడ పట్టుకుని తమ్ముడి పేరుతో శోకం మొదలుపెట్టి, నాలుగో వాక్యంలో నలభై ఏళ్ళ కింద పోయిన తన బిడ్డ పేరుకు పోయింది. ఆమె వెనక నిలబడ్డ ఇంకో అత్త తన పెనిమిటి పేరు తీసింది. ఎవరూ ఎవరినీ ఆపలేదు. ఆమె నా తమ్ముణ్ణి పక్కన పెట్టిందని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఆమె తన బిడ్డను తెచ్చి నా తమ్ముడి పక్కన పడుకోబెట్టినట్టు అనిపించింది. అంతవరకు నేను ఏడవలేదు, అప్పుడు ఏడ్చాను.

పిల్లలమర్రి అమ్మగారు ‘నేను’ లేదని రాశారు కదా. శోకంలో ‘నేను’ ఉంటుంది, ఇంటింటి ‘నేను’ ఉంటుంది. పాటలో లేదు. అయితే పాటలో ఒకచోట, అంతా తప్పుగా ఉన్నప్పుడు కలిసి పాడాల్సిన వేళ ఇదే అన్న అర్థంలో ఒక వాక్యం వస్తుంది. గాయకుడు తన ‘నేను’ను ఖాళీగా వదిలింది వినేవాళ్ళు అందులో తమ పేరు పెట్టుకోవడానికేనేమో. ‘అందరికీ నొస్తుంది’ అనే మాటను గుమ్మంలో నిలబడి అంటే అది తీసిపారేయడమే. మెడ పట్టుకుని అంటే వేరు. పాట మెడ పట్టుకోలేదు, పక్కన మనిషి ఉండాలి. సార్, మీరు ఆ అబ్బాయిని కూర్చోబెట్టి మాట్లాడారని రాశారు, పాట మిగిల్చిన పని మీరు చేశారు.

వేదిక నిర్వహణ

డిండివాగు గారూ, రాసినందుకు కృతజ్ఞతలు. ఈ చర్చ చదువుతున్నవారిలో ఎవరికైనా ప్రాణం బరువుగా ఉంటే దయచేసి ఒంటరిగా ఉండకండి, దగ్గర ఉన్నవారికి చెప్పండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ సలహాదారులు తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు, రాత్రివేళ కూడా పలుకుతారు. ఈ పాట మాటలనే బ్రిటన్‌లో సమారిటన్స్ అనే సేవా సంస్థ 1995లో యువకుల కోసం తన పత్రికా ప్రకటనగా వాడింది. పాట మాటలు, కింద ఫోన్ నంబరు, అంతే.

ఎర్రనేల, మోత్కూరు

నిన్నటి నుంచి ఈ పేజీని మూడుసార్లు తెరిచి మూశాను. డిండివాగు చెల్లె రాసింది చదివాక నా అభ్యంతరంలో ఒక భాగాన్ని వెనక్కు తీసుకుంటున్నాను. దొర నొప్పీ, జీతగాడి నొప్పీ ఒకటి కాదనే మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ ఆ పాట దొరతో మాట్లాడడం లేదు, రాత్రి తనొక్కడిదే అయిపోయిన మనిషితో మాట్లాడుతోంది. ఆ మనిషి ఎవరైనా కావచ్చు. నిర్వహణ వారు చెప్పిన ప్రకటన సంగతి నాకు తెలియదు. పాట కింద ఫోన్ నంబరు పెట్టడం అంటే, పాట ఒక్కటే సరిపోదని ఒప్పుకోవడమే కదా. అట్లా ఒప్పుకున్న పాటతో నాకు తగాదా లేదు. కోస్గి తమ్మీ, మీ నాయన వారం తరువాత లెక్క తీశాడని రాశావు చూడు, ఆ వాక్యం నాకు బాగా నచ్చింది.

పిల్లలమర్రి, మహబూబ్‌నగర్

డిండివాగు తల్లీ, ముప్పై ఏళ్ళలో నేను క్లాసులో చెప్పిన ఏ వ్యాఖ్యానం కన్నా నీ వాక్యాలు ఎక్కువ. ‘నేను’ లేకపోవడాన్ని నేను సంయమనం అనుకున్నాను, నువ్వు దాన్ని ఖాళీగా వదిలిన చోటు అన్నావు. నీదే సరైనది.

ఒక చిన్న సంగతి చేర్చి ఊరుకుంటాను. ఆర్.ఇ.ఎం. బృందం మొదటి ఆల్బం ‘మర్మర్’ 1983లో వచ్చినప్పుడు అందులో గాయకుడు ఏమంటున్నాడో స్పష్టంగా తెలియదని శ్రోతలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. అస్పష్టత వారి శైలి. అలాంటివారు ఈ పాట దగ్గరకు వచ్చేసరికి చిన్నపిల్లలకు కూడా తెలిసే మాటలే వాడారు, టీనేజీ పిల్లల కోసమే కావాలని అలా రాశామని వారే చెప్పారు. గొప్ప రచయిత తన అందాన్ని పక్కన పెట్టి మాట్లాడిన సందర్భాలు సాహిత్యంలో చాలా తక్కువ. పదిహేడేళ్ళ పిల్లవాడు నేరుగా ప్రశ్న వేయగలిగాడంటే అది ఆ మాటల తేలికదనం వల్లనే.

క్లాక్‌టవర్_నీడ, నల్లగొండ

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఈ రోజు మధ్యాహ్నం ఆ అబ్బాయి మళ్ళీ వచ్చాడు. అతని అనుమతితోనే రాస్తున్నాను. ఇక్కడ రాసినవన్నీ అతనికి చెప్పలేదు, ‘ఒక్కోసారి’ సంగతీ, మధ్యభాగంలో అది తప్పిపోయి మళ్ళీ తిరిగిరావడమూ మాత్రం పాట వినిపిస్తూ చూపించాను. మధ్యభాగం వచ్చినప్పుడు అతను చేయి ఎత్తి, ‘‘గిక్కడ్నే సార్, నేను గిక్కడ్నే ఆగిపోయిన’’ అన్నాడు. ఆరుతీగలు గారు ఊహించింది నిజమైంది.

తరువాత, శీర్షికను నీ మాటల్లో తెలుగులో రాయమని కాగితం ఇచ్చాను. ‘అందరికి ఒక్కోపారి నొస్తది’ అని రాస్తాడనుకున్నాను. కాసేపు పెన్ను మూత నోట్లో పెట్టుకుని కూర్చుని, రెండు చిన్న వాక్యాలు రాసి నా వైపు తిప్పాడు. ‘నాకు నొస్తది. నీకు గూడ నొస్తదా?’ అని ఉంది. ఎప్పుడూ మీరు అని పిలిచే పిల్లవాడు కాగితం మీద నువ్వు అన్నాడు. పాటను అనువదించాడో, నన్నే అడిగాడో నాకు తెలియలేదు. నేను అవునన్నాను. మా నాన్నగారు పోయిన ఏడాది నేను రెండు నెలలు ఎవరితోనూ మాట్లాడకుండా ఎలా ఉన్నానో చెప్పాను, ఆ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బెల్లు కొట్టేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

వెళ్తూ వెళ్తూ, మొదట్లో వచ్చే ఆ తీగల మీటు నేర్చుకోవడం కష్టమా అని అడిగాడు. కళాశాల స్టోర్ రూములో ఎవరో దానం చేసిన గిటార్ ఒకటి ఉంది, తీగలు రెండు తెగిపోయి ఉన్నాయి. ఆరుతీగలు గారూ, ఏ తీగలు కొనాలి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఆరుతీగలు, మిర్యాలగూడ

సార్, తెగినవి రెండే అయినా ఆరూ మార్చండి, పాత తీగలకు తుప్పు ఉంటే కొత్తగా నేర్చుకునే పిల్లల వేళ్ళు కోసుకుంటాయి. సన్న రకం సెట్టు అడగండి. మొదటి వారం డీ ఒక్కటే పట్టమనండి, నాలుగు తీగలే మోగాలి, లావు తీగలు రెండింటినీ ముట్టుకోకూడదు. అది శుభ్రంగా మోగాక జీ. ఈ రెండింటి మధ్య వేళ్ళు మారడానికి పది రోజులైనా పడుతుంది, మెల్లగా మారినా ఫరవాలేదు, ఆ పాట మెల్లగానే నడుస్తుంది. మధ్యభాగంలోని ఎఫ్ షార్ప్ జోలికి ఇప్పుడే పోవద్దు, దానికి చూపుడు వేలితో ఆరు తీగలనూ ఒక్కసారే అదమాలి, చేతికి బలం వచ్చాక నేర్పుదాం.

ఆదివారం మిల్లుకు సెలవు. పొద్దున బస్సుకు బయలుదేరి పది గంటలకల్లా నల్లగొండలో ఉంటాను. తీగలు నేనే తెస్తాను, మీరు స్టోర్ రూము తాళం తెచ్చిపెట్టండి.